ట్రాఫిక్ పోలీసు మోటారుసైకిలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

నగర పోలీసు శాఖలు తమ ట్రాఫిక్ అధికారులకు మోటారుసైకిళ్ళను ఎలా సమకూరుస్తాయన్న విషయం మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి సమాధానాలు ఇస్తున్నాము. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా అచ్చువేశాము.

ప్రశ్న: కూడలిలో నిలబడే ట్రాఫిక్ అధికారి పక్కన మోటారుసైకిలు కనిపిస్తూ ఉంటుంది. అది ఆయన సొంత బండా, శాఖ ఇచ్చినదా? శాఖే ఇస్తే ఏ పద్ధతిలో ఇస్తుంది? (ఒక డిగ్రీ విద్యార్థిని)

సమాధానం: ప్రపంచంలో ఎక్కడ చూసినా ఈ ఏర్పాటు ప్రధానంగా నాలుగు రకాలుగా కనిపిస్తుంది. శాఖ తన బడ్జెట్టుతో బండ్లు కొని, తన పేరుతో రిజిస్టరు చేయించి, అధికారులకు అప్పగించడం మొదటిది, అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది కూడా ఇదే. బండ్లను కొనకుండా కొన్నేళ్ళ ఒప్పందం మీద అద్దెకు తీసుకోవడం రెండవది. అధికారి తన సొంత బండిని డ్యూటీకి వాడితే ఇంధనానికీ అరుగుదలకూ నెలనెలా అలవెన్సు ఇవ్వడం మూడవది. కంపెనీలో దాతలో బండ్లను విరాళంగా ఇస్తే వాటిని స్వీకరించడం నాలుగవది.

పోలీసు పనిలోకి మోటారుసైకిలు వచ్చి నూరేళ్ళు దాటింది. తన తొలి పోలీసు బండిని 1908లో అమెరికాలోని డెట్రాయిట్ నగర పోలీసులకు అమ్మినట్టు హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ చెప్పుకుంటుంది. జపానులో 1918లో మొదలైన ట్రాఫిక్ పోలీసు బండ్లు మొదట ఎర్ర రంగులో ఉండేవి. 1936లో వాటిని తెల్ల రంగుకు మార్చారు. ఆ దేశంలో ఇప్పటికీ తెల్ల బండి అంటే ట్రాఫిక్ పోలీసు బండే.

ఈ నాలుగింటిలో సొంత బండికి అలవెన్సు ఇచ్చే పద్ధతి పైకి చూడటానికి చవకగా ఉంటుంది కానీ, దాన్ని నేను సమర్థించలేను. అలవెన్సు పెట్రోలుకూ మామూలు సర్వీసింగుకూ సరిపోతుందే తప్ప, డ్యూటీలో బండి దెబ్బతిన్నప్పుడు వచ్చే ఖర్చుకు సరిపోదు. ఆ అధికారి జేబులోంచి డబ్బు తీయవలసి వస్తుంది, లేదా అరిగిన టైరును మరో రెండు నెలలు లాగించవలసి వస్తుంది. ఈ రెండవది చాలా ప్రమాదకరం. పైగా సొంత బండికి చేయించిన బీమా, ఆ బండిని పోలీసు విధుల్లో వాడినప్పుడు వర్తిస్తుందో లేదో పాలసీ షరతులు చదివితే గాని తేలదు. ప్రజల పని చేయించుకుంటున్న సంస్థ, ఆ పనికి కావలసిన పనిముట్టును ఉద్యోగి జీతంలోంచి కొనిపించడం న్యాయం కాదన్నది నా దృఢమైన అభిప్రాయం.

విరాళాల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. బండ్లు ఇచ్చిన సంస్థకు రోడ్ల మీద తిరిగే సొంత లారీలో, బస్సులో ఉంటే, రేపు వాటిని ఆపి జరిమానా రాయవలసినది ఈ అధికారులే. విరాళం తీసుకోక తప్పని పరిస్థితిలో, అది శాఖ పేరున, లిఖితపూర్వకంగా, బండి మీద దాత పేరు లేకుండా, ఏ షరతూ లేకుండా రావాలి. జెండా ఊపి అప్పగించిన బండ్లకు ఆ తరువాత టైర్లు ఎవరు కొంటారన్నది ఆ సభ నాడే తేల్చుకోవాలి. బండి ఉచితంగా రావచ్చు కానీ, దాని నిర్వహణ ఏనాడూ ఉచితం కాదు.

శాఖే కొన్నప్పుడు కూడా ఒక ముఖ్యమైన నిర్ణయం మిగిలి ఉంటుంది. బండ్లను ఉమ్మడిగా ఉంచి ఏ షిఫ్టు వారు ఆ షిఫ్టులో తీసుకోవాలా, లేక ఒక్కొక్క అధికారికి ఒక్కొక్క బండిని పేరు పెట్టి కేటాయించాలా? ఉదాహరణకు 30 మంది అధికారులు 3 షిఫ్టుల్లో పనిచేస్తే, ఉమ్మడి పద్ధతిలో 10 బండ్లు, మరమ్మతులో ఉన్నవాటి బదులుగా మరో ఒకటి రెండు ఉంటే పని జరిగిపోతుంది. కేటాయించే పద్ధతిలో 30 కావాలి. అంకెలు చూడగానే మొదటిదే పొదుపని తోస్తుంది. అయితే మూడు షిఫ్టుల్లోనూ నడిచే బండి మూడు రెట్లు త్వరగా అరుగుతుంది, దానికి ఇంజను చల్లారే సమయం కూడా ఉండదు, అన్నిటికంటే ముఖ్యంగా దానిలో వచ్చిన లోపం ఎవరి కాలంలో వచ్చిందో తెలియదు. ముందు షిఫ్టు వారు చెప్పి ఉంటారని తరువాతివారు, తరువాతివారు చూసుకుంటారని ముందువారు అనుకునే చోట బ్రేకు అరిగిపోతూనే ఉంటుంది. ఒకే మనిషి చేతిలో ఉన్న బండిలో శబ్దం కాస్త మారినా అతనికి వెంటనే తెలుస్తుంది. హ్యాండిలూ, బ్రేకు లీవరూ, అద్దాలూ అతని ఎత్తుకూ చేతికీ తగినట్టు అమరి ఉంటాయి. డబ్బు అనుమతించిన మేరకు ఒక మనిషికి ఒక బండి అన్నదే మేలైన పద్ధతి. అది సాధ్యం కాకపోతే, ఒక బండిని ఇద్దరికి మించి ఇవ్వకుండా, ఆ ఇద్దరి సంతకాలతో లాగ్‌బుక్కు నడపడం తరువాతి మెట్టు.

ప్రశ్న: షోరూములో దొరికే మామూలు బండినే కొని, రంగు వేసి, లైట్లు బిగిస్తే సరిపోదా? పోలీసు బండి అని వేరుగా ఎందుకు? (ఒక మెకానిక్)

సమాధానం: మీరు మెకానిక్ కాబట్టి విద్యుత్తు లెక్కతోనే మొదలుపెడతాను. మామూలు బండిలో ఆల్టర్నేటరు తయారయ్యేది హెడ్‌లైటుకూ ఇగ్నిషనుకూ ఇండికేటర్లకూ సరిపడేంత కరెంటు ఇవ్వడానికే. పోలీసు బండి మీద వాటికి తోడు మెరుపు లైట్లు, సైరను, వైర్‌లెస్ సెట్టు, ఒక్కోసారి వేగం కొలిచే పరికరం, కెమెరా కూడా ఉంటాయి. ప్రమాదం జరిగిన చోట బండిని రోడ్డుకు అడ్డంగా నిలిపి, ఇంజను ఆపి, అరగంట సేపు లైట్లు వెలిగించి ఉంచవలసి వస్తుంది. మామూలు బ్యాటరీ ఆ భారాన్ని మోస్తే, పని ముగిశాక బండి స్టార్టు కాదు. బి.ఎం.డబ్ల్యూ. వారి పోలీసు బండ్లలో ఈ అదనపు పరికరాల కోసం విడిగా రెండవ బ్యాటరీ ఉండటానికి కారణం ఇదే. ఉన్న వైరింగును కోసి కొత్త తీగలు అతికించే పని వల్ల షార్టు సర్క్యూట్లు వస్తాయని మీకు వేరే చెప్పనక్కరలేదు.

రెండవది వేడి. మామూలు వాహనదారుడు ఎక్కువ సేపు కదులుతూనే ఉంటాడు, ఎదురుగాలి ఇంజనును చల్లబరుస్తుంది. ట్రాఫిక్ అధికారి ఊరేగింపు వెంట మనిషి నడక వేగంతో గంటలు గంటలు వెళతాడు. గాలితో చల్లబడే పెద్ద ఇంజను ఆ వేగంలో విపరీతంగా కాగుతుంది, ఆ సెగంతా నడిపేవాడి తొడలకు తగులుతుంది. హార్లీ వారు ఈ ఇబ్బందికి ఒక ఉపాయం చేశారు. బండి నిలిచి ఉండగా వేడి హద్దు దాటితే వెనుక సిలిండరుకు ఇంధనం ఆగిపోయి, అది కేవలం గాలిని లోపలికీ బయటికీ తోస్తూ చల్లబడుతుంది. ద్రవంతో చల్లబడే ఇంజన్లలో ఈ బాధ తక్కువ కానీ, రేడియేటరు ఫ్యాను ఆగితే వాటికీ ముప్పే.

వేగం చూపే మీటరు సంగతి చాలామందికి తెలియదు. ఐరోపా నిబంధనల ప్రకారం వాహనం మీటరు అసలు వేగం కంటే ఎక్కువ చూపవచ్చు గానీ తక్కువ చూపరాదు. అందువల్ల మామూలు బండ్ల మీటర్లు కొంత ఎక్కువ చూపేలాగే వస్తాయి. ఎదుటి కారును సమదూరంలో వెంబడించి దాని వేగాన్ని తన మీటరు ద్వారా నిర్ధారించే అధికారికి ఆ తేడా పనికిరాదు, ఎందుకంటే ఆ అంకె రేపు కోర్టులో నిలబడాలి. పోలీసు బండికి సరిచూసి ధ్రువీకరించిన మీటరు బిగించడం, దాన్ని గడువు ప్రకారం మళ్ళీ పరీక్షించడం అందుకే. టైరు కొలత మార్చినా ఆ ధ్రువీకరణ చెల్లదని గుర్తుంచుకోవాలి.

ఇక ఏబీఎస్ బ్రేకుల గురించి, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు గురించి, వాదన అక్కరలేదు. మోటారుసైకిలుకు ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను 1988లోనే బి.ఎం.డబ్ల్యూ. అమ్మకానికి తెచ్చింది. ఐరోపాలో 125 సీసీకి మించిన కొత్త మోడళ్ళకు 2016 నుంచి అది తప్పనిసరి అయింది. ఒక నిమిషం ముందు కూడలిలో నిలబడి, మరుక్షణం తడి రోడ్డు మీద వేగంగా వెళ్ళవలసిన మనిషికి ఇచ్చే బండిలో అది లేకపోవడం క్షమించరానిది.

మిగిలినవి వెనుక సీటు స్థానంలో వైర్‌లెస్ పెట్టె, పక్కన కాగితాలకూ ప్రథమ చికిత్స సామగ్రికీ పెట్టెలు, కింద పడినా కాలు నలగకుండా ఇంజనుకు ఇరువైపులా గార్డులు. ఇవన్నీ బరువే. ఆ బరువు ఎక్కడ పడుతుందో లెక్కకట్టి స్ప్రింగులను అమర్చే పని తయారీదారు దగ్గర జరిగితేనే బాగుంటుంది. బయట బిగించవలసి వస్తే, తయారీదారు అనుమతి ఉన్నచోటనే చేయించి, వారంటీ పోకుండా చూసుకోవాలి.

ప్రశ్న: టెండరులో అందరికంటే తక్కువ ధర చెప్పిన కంపెనీకే ఆర్డరు ఇవ్వడం నిజాయితీ కదా? ఖరీదైన బండ్లు కొన్నారని వార్త వచ్చినప్పుడల్లా ప్రజాధనం వృథా అవుతోందని బాధ కలుగుతుంది. (ఒక విశ్రాంత ఉద్యోగి)

సమాధానం: మీ బాధ సరైనదే, కాకపోతే కొన్ననాటి ధర ఒక్కటే చూస్తే వృథా ఎక్కడ జరిగిందో కనబడదు. ఊహకు ఒక లెక్క వేద్దాము. ఒక బండి ధర 100 పాళ్ళు, ఏడాదికి దాని నిర్వహణ 20 పాళ్ళు అనుకోండి. మరొక బండి ధర 125 పాళ్ళు, నిర్వహణ ఏడాదికి 12 పాళ్ళు. ఆరేళ్ళు వాడి, మొదటిదాన్ని 10 పాళ్ళకూ రెండవదాన్ని 25 పాళ్ళకూ అమ్మితే, శాఖకు మొదటి బండి మీద 210 పాళ్ళూ రెండవదాని మీద 172 పాళ్ళూ ఖర్చయినట్టు. టెండరు తెరిచిన నాడు చవకైన బండి, ఆరేళ్ళ తరువాత ఖరీదైనదిగా తేలింది. మరమ్మతు కోసం బండి షెడ్డులో ఉన్న రోజుల్లో అధికారి ఊరికే కూర్చున్న నష్టాన్ని నేను ఇందులో కలపనేలేదు.

కాబట్టి నిజాయితీ అంటే తక్కువ ధరను ఎంచుకోవడం కాదు, ఏ ప్రమాణంతో ఎంచుకుంటామో టెండరు పిలిచేముందే అందరికీ ఒకే విధంగా ప్రకటించడం. ఇన్నేళ్ళ సర్వీసింగు, ఇన్ని కిలోమీటర్లకు టైర్లూ బ్రేకు ప్యాడ్లూ, ఇన్ని రోజుల్లో స్పేర్ పార్టుల సరఫరా, ఇంతమంది మెకానిక్‌లకు శిక్షణ అని నిబంధనల్లో రాసి, మొత్తం కాలానికి ధర చెప్పమనాలి. దానితోపాటు బండ్లను నడిపి చూడాలి. అమెరికాలో మిచిగన్ రాష్ట్ర పోలీసులు ఏటా పోలీసు వాహనాలకు బహిరంగంగా పరీక్షలు జరిపి, మోటారుసైకిళ్ళ వేగం, బ్రేకుల సామర్థ్యం, మలుపుల్లో నడక వంటి ఫలితాలను ప్రచురిస్తారు. సొంతంగా పరీక్షించే స్తోమతు లేని చిన్న నగరాలు కూడా ఆ ఫలితాలను చూసి నిర్ణయించుకోవచ్చు. ఒకచోట జరిగిన పరీక్ష ఇంతమందికి ఉపకరించడం నాకు చాలా నచ్చిన విషయం. అయితే పరీక్షా మైదానంలో మొదట వచ్చిన బండే ఇరుకు వీధులకు అనువైనదని కాదు. రోజూ నడిపేవారిలో పొడుగువారినీ పొట్టివారినీ, స్త్రీలనూ పురుషులనూ కొన్ని వారాల పాటు డ్యూటీలోనే నడపనిచ్చి, వారి అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. రెండు పాదాలూ నేలకు ఆనని బండిని రోజుకు పదుల సార్లు ఆపి ఎక్కి దిగడం ఎంత కష్టమో కాగితం మీది అంకెలు చెప్పవు.

అన్నీ ఒకే మోడలు కొనాలా అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. ఒకే మోడలు అయితే పార్టుల నిల్వ తగ్గుతుంది, మెకానిక్‌కు చేయి తిరుగుతుంది, ఎవరికి ఏ బండి ఇచ్చినా కొత్తగా నేర్చుకోనక్కరలేదు. కవాసాకీ వారి కేజడ్ 1000 పోలీసు మోడలు 1982 నుంచి 2005 వరకు దాదాపు మార్పు లేకుండా తయారైంది. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే రకం ఫిల్టరు, ఒకే రకం కేబులు దొరకడం ఒక వర్క్‌షాపుకు ఎంత సుఖమో ఊహించండి. ఆ తయారీ ఆగిపోయినప్పుడు మాత్రం పార్టుల నిల్వనూ, పనిముట్లనూ, మెకానిక్‌ల అలవాటునూ కొత్తగా మొదలుపెట్టవలసిందే. ఒకే మోడలులో ఇంకొక అపాయం ఉంది. 2014లో బి.ఎం.డబ్ల్యూ. కంపెనీ తన ఆర్ 1200 ఆర్‌టీ కొత్త మోడలు వెనుక సస్పెన్షనులో లోపం ఉండవచ్చని, సరిచేసేవరకు ఆ బండ్లను నడపవద్దని యజమానులకు చెప్పింది. ఒక శాఖ దగ్గర ఉన్నవన్నీ అదే ఏడాది, అదే మోడలు అయితే ఆ ఉదయం నగరమంతటా ఒక్క బండి కూడా బయలుదేరదు. అందుకే మోడలు ఒకటే అయినా ఒకేసారి కొనకుండా, ఏటా కొన్ని చొప్పున కొంటూ పోవడం మంచిదంటాను. బడ్జెట్టు మీద కూడా ఒక్కసారిగా భారం పడదు.

ప్రశ్న: డ్యూటీ అయ్యాక కొందరు అధికారులు శాఖ బండి మీదే ఇంటికి వెళతారు. ఇది ప్రభుత్వ ఆస్తిని సొంతానికి వాడుకోవడం కాదా? (ఒక ఉపాధ్యాయుడు)

సమాధానం: ఇంటికి తీసుకువెళ్ళడాన్ని అనుమతించే నగరాలు ఉన్నాయి. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ వాటిలో ఒకటి. అనుమతి నిబంధనల్లో రాసి ఉన్నంతవరకు అది దుర్వినియోగం కాదు. ఇందులో శాఖకు కలిసి వచ్చేది కూడా ఉంది. అర్ధరాత్రి పెద్ద ప్రమాదం జరిగితే అధికారి స్టేషనుకు వచ్చి బండి తీసుకోనక్కరలేకుండా నేరుగా చేరుకోగలడు. వచ్చే దారిలోనూ పోయే దారిలోనూ యూనిఫారంలో ఉన్న అధికారి రోడ్డు మీద కనిపిస్తాడు. స్టేషనులో బండ్లు నిలపడానికి చోటు వెతకనక్కరలేదు.

దుర్వినియోగం మొదలయ్యేది నిబంధన మౌనంగా ఉన్నచోట. ఇల్లు ఎంత దూరంలో ఉంటే అనుమతిస్తారు, ఆ దూరానికి ఇంధనం ఎవరిది, రాత్రి బండి ఎక్కడ నిలపాలి, తాళం వేసిన గేటు లోపల నిలిపే వీలు లేకపోతే ఏమిటి, ఇంటి సభ్యులు దాన్ని తాకవచ్చా, సెలవు మీద వెళితే బండి ఎక్కడ ఉండాలి, ఇంటికి పోయే దారిలో ప్రమాదం జరిగితే అది డ్యూటీలో జరిగినట్టా కాదా అన్నవన్నీ ముందే రాసిపెట్టాలి. చివరిది మరీ ముఖ్యం. దాని జవాబు మీద ఒక కుటుంబానికి అందే పరిహారం ఆధారపడి ఉంటుంది. ఆ జవాబును ప్రమాదం జరిగాక వెతకడం ఏ శాఖకూ తగదు.

ప్రశ్న: మా అబ్బాయి ఈమధ్యే ట్రాఫిక్ విభాగానికి మారాడు. వచ్చిన వారంలోనే పెద్ద మోటారుసైకిలు తాళాలు చేతిలో పెట్టారు. చిన్న బండ్లు నడిపిన అలవాటే తప్ప ఇంత బరువు బండి ఎన్నడూ నడపలేదు. వాడు బయలుదేరినప్పటి నుంచి తిరిగి వచ్చేవరకు మనసు మనసులో ఉండదు. శిక్షణ అడిగితే తప్పుగా అనుకుంటారేమోనని వాడి సంకోచం. (ఒక తల్లి)

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి అడగవలసిందే. శిక్షణ కోరడం చేతకానితనం కాదు, అది అతనికి దక్కవలసిన హక్కు. బండి ఇచ్చి శిక్షణ ఇవ్వని శాఖ సగం పనిముట్టే ఇచ్చినట్టు.

మామూలు లైసెన్సు పరీక్ష ఈ పనికి సరిపోదు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రజా భద్రతా కేంద్రం పోలీసులకు ఇచ్చే ప్రాథమిక మోటారుసైకిలు శిక్షణ 80 గంటలు, అంటే రెండు పూర్తి వారాలు. అందులో ఎక్కువ భాగం వేగంగా పోవడం నేర్పరు, నెమ్మదిగా పోవడమే నేర్పుతారు. శంకువుల మధ్య ఇరుకైన దారిలో, కాలు నేలకు ఆనకుండా, క్లచ్చును సగం పట్టి, వెనుక బ్రేకును సుతారంగా అదుముతూ, చూపును చక్రం ముందు కాక వెళ్ళవలసిన చోట నిలిపి బండిని తిప్పాలి. ఆగిపోయిన వాహనాల మధ్య నుంచి వెళ్ళడం, ఇరుకు రోడ్డులో ఒక్కసారిగా వెనక్కి తిరగడం ట్రాఫిక్ అధికారికి రోజూ తప్పని పనులు కాబట్టి బరువు బండి ఎక్కువగా పడిపోయేది అక్కడే. ఆ తరువాత అత్యవసర బ్రేకు, హఠాత్తుగా అడ్డు వచ్చినదాన్ని తప్పించడం, పడిపోయిన బండిని నడుముకు దెబ్బ తగలకుండా లేపడం నేర్పుతారు. ఆ పరీక్షలో నెగ్గనివారికి బండి ఇవ్వకూడదు, నెగ్గినవారికీ ఏటా మళ్ళీ పరీక్ష ఉండాలి. జపానులో తెల్ల బండి అధికారులకు ఏటా జాతీయ స్థాయిలో సురక్షిత చోదన పోటీలు జరుగుతాయి. నైపుణ్యాన్ని ఒకసారి నేర్పి వదిలేయకుండా, దాన్ని గౌరవంగా నిలబెట్టే పద్ధతి అది.

బాగా నడపడం వచ్చినంత మాత్రాన ఎదుటివారి పొరపాటు ఆగదు. 1981లో వెలువడిన, అమెరికా పరిశోధకుడు హ్యారీ హర్ట్ బృందం అధ్యయనం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని 900 మోటారుసైకిలు ప్రమాదాలను ఘటనా స్థలంలోనే పరిశీలించింది. వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు మరొక వాహనంతో ఢీకొన్నవి, అలా ఢీకొన్నవాటిలో సుమారు మూడింట రెండు వంతుల్లో తప్పు ఆ రెండవ వాహనం నడిపినవారిది. వారు మోటారుసైకిలును చూడలేదు, లేదా ఆలస్యంగా చూశారు. అందుకే బండికి లేత రంగు, పగటిపూట కూడా వెలిగే లైట్లు, అధికారి ఒంటి మీద మెరిసే పట్టీల జాకెట్టు అలంకారాలు కావు.

రక్షణ సామగ్రి కూడా శాఖే ఇవ్వాలి. హెల్మెట్టు అతని తల కొలతకు సరిపోవాలి. ఉమ్మడి హెల్మెట్లను ఒకరి తరువాత ఒకరు పెట్టుకోవడం శుభ్రతకూ భద్రతకూ విరుద్ధం. పైకి గీత లేకపోయినా లోపలి పొర కాలంతో పాడవుతుంది కాబట్టి, ఐదేళ్ళకొకసారి హెల్మెట్టు మార్చాలని, హెల్మెట్లకు ప్రమాణాలు నిర్ణయించి పరీక్షించే అమెరికా సంస్థ స్నెల్ ఫౌండేషను సూచిస్తుంది. గట్టి దెబ్బ తగిలితే ఆనాడే మార్చాలి. మోచేతులకూ భుజాలకూ మోకాళ్ళకూ మెత్తలున్న దుస్తులు, చీలమండ దాటే బూట్లు, చేతి తొడుగులు, వాన కోటు ఇవ్వాలి. చెవుల సంగతి ఎవరూ పట్టించుకోరు. వేగంగా వెళుతున్నప్పుడు హెల్మెట్టు లోపల గాలి చేసే చప్పుడు 90 డెసిబెళ్ళు దాటుతుంది. ఎనిమిది గంటల పనికి 85 డెసిబెళ్ళు హద్దుగా వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. వైర్‌లెస్ మాట వినిపించేలా, గాలి చప్పుడును తగ్గించేలా తయారైన చెవి పరికరాలు ఉన్నాయి. నలభై ఏళ్ళు దాటేసరికి వినికిడి తగ్గిన అధికారికి ఆ నష్టాన్ని ఏ పతకమూ తీర్చదు.

మీ అబ్బాయి తన పై అధికారికి ఒక చిన్న వినతిపత్రం రాయవచ్చు. ఈ బరువు బండి మీద తనకు పూర్వానుభవం లేదని, శిక్షణ పూర్తయ్యేవరకు తేలికపాటి బండి ఇవ్వమని, శిక్షణ తేదీ నిర్ణయించమని అందులో అడగాలి. కాగితం మీద ఉన్న మాటను ఎవరూ తేలికగా తీసుకోరు. అంతవరకు రోజూ బయలుదేరేముందు ఐదు నిమిషాలు కేటాయించి టైర్లలో గాలి, బ్రేకులు, లైట్లు, ఆయిలు, చైను, స్టాండు చూసుకోమనండి. లోపం కనిపిస్తే లాగ్‌బుక్కులో రాసి, ఆ బండిని తీయకుండా ఉండే అధికారం అతనికి ఉండాలి. అలాంటి రాతను చూసి చిన్నబుచ్చే పై అధికారి ఉంటే, లోపం ఆ అధికారిదే.

ప్రశ్న: పోలీసు బండ్లుగా విద్యుత్ మోటారుసైకిళ్ళు పనికివస్తాయా? (పలువురు పాఠకులు)

సమాధానం: నగరం లోపలి పనికి బాగా పనికివస్తాయి. బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజను వేడీ పొగా ఉండవు. రాత్రిపూట నివాస ప్రాంతాల్లో చప్పుడు ఉండదు. ఆయిలు మార్పు, క్లచ్చు అరుగుదల వంటి ఖర్చులు పోతాయి. కాలిఫోర్నియాలో మొదలైన జీరో అనే విద్యుత్ మోటారుసైకిళ్ళ కంపెనీ పోలీసుల కోసమే కొన్ని మోడళ్ళు తయారుచేస్తోంది. చిక్కు ఛార్జింగు దగ్గర వస్తుంది. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య విరామం లేని ఉమ్మడి పద్ధతిలో ఈ బండి నిలబడదు, ఒక మనిషికి ఒక బండి అన్న పద్ధతిలో చక్కగా ఇముడుతుంది. రహదారుల మీద సుదూరం, అతివేగంగా వెళ్ళే గస్తీకి ఇప్పటికి పెట్రోలు బండే నమ్మకం. కొన్న తరువాత ఛార్జింగు స్తంభాల కోసం వెతకడం కాక, ముందు స్టేషనులో విద్యుత్తు సామర్థ్యం పెంచి ఆ తరువాత బండ్లకు ఆర్డరు పెట్టాలి.

ప్రశ్న: పాత పోలీసు బండ్లు ఏమవుతాయి? వేలంలో కొనవచ్చా? (ఒక చిరు వ్యాపారి)

సమాధానం: సాధారణంగా ఇన్నేళ్ళు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందు వస్తే అప్పుడు, బండిని సేవ నుంచి తప్పించాలని శాఖ నిబంధన పెట్టుకుంటుంది. నా దృష్టిలో ఆ రెండింటికీ మూడవది చేర్చాలి. అది ఇంజను నడిచిన గంటల లెక్క. కూడలిలో రెండు గంటలు ఆగి ఇంజను నడుస్తూ ఉన్న బండికి మీటరులో ఒక్క కిలోమీటరు కూడా పెరగదు, కానీ ఇంజను మాత్రం రెండు గంటలు అరిగినట్టే. గంటలు లెక్కించే మీటరు లేని చోట ఆయిలు మార్పును కిలోమీటర్ల మీద కాక నెలల మీద నిర్ణయించడం మంచిది.

సేవ నుంచి తప్పించిన బండ్లను చాలాచోట్ల బహిరంగ వేలంలో అమ్ముతారు. అమ్మేముందు మెరుపు లైట్లూ సైరనూ వైర్‌లెస్ సెట్టూ తీసివేసి, పోలీసు గుర్తులను పూర్తిగా చెరిపి, రంగు మార్చడం శాఖ బాధ్యత. అది సరిగా జరగకపోతే ఆ బండి మోసగాళ్ళ చేతిలో నకిలీ పోలీసు బండి అవుతుంది. మీరు కొనదలిస్తే బండి సర్వీసింగు రికార్డు అడగండి. ప్రమాదంలో పడిన బండి అయితే ఫ్రేమును నిపుణుడితో చూపించండి. పాత పరికరాలు తీసేసిన చోట తెగిన తీగల కొనలకు టేపు చుట్టి ఉన్నదో లేదో సీటు ఎత్తి చూడండి. రిజిస్ట్రేషను మీ పేరుకు మారేవరకు బండిని రోడ్డు మీదికి తీయవద్దు.